‘ప్రాబబ్లీ’, ‘డెఫినిట్లీ’, ‘షూర్లీ’: ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న (పలాస నుండి)

పెద్దలకు నమస్కారం. నేను పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో ఆర్డర్లకు సంబంధించిన ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తుంటాను. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇంగ్లిషులో వాక్యం కూర్చడం ఎలాగో అలవడింది గాని, ఒక విషయం ఎంతవరకు ఖాయమో చెప్పే మాటల దగ్గర మాత్రం ప్రతిసారీ తడబడుతున్నాను. గత నెలలో ఒక విదేశీ కొనుగోలుదారు సరుకు ఎప్పుడు బయలుదేరుతుందని అడిగితే, ‘షూర్లీ వుయ్ మే సెండ్ ఆన్ థర్స్‌డే, డెఫినిట్లీ ఐ విల్ ట్రై’ అని జవాబు రాశాను. బాయిలర్ మరమ్మతు పూర్తయితే గురువారం పంపేస్తామని, అది పూర్తవుతుందనే నమ్మకం నాకుందని చెప్పడం నా ఉద్దేశం. ఆయన మాత్రం ‘ఇంతకీ ఇది అవునా, కాదా?’ అని ఒక్క వాక్యం తిరిగి రాశారు. చివరకు మా యజమాని ఫోనులో మాట్లాడి సర్దిచెప్పవలసి వచ్చింది.

నా దగ్గరున్న చిన్న నిఘంటువులో సర్టెన్లీ, డెఫినిట్లీ, షూర్లీ మూడింటికీ ‘నిశ్చయంగా’ అనే ఉంది. పర్హాప్స్, మేబీ, ప్రాబబ్లీ మూడింటికీ ‘బహుశా’ అనే ఉంది. వీటి మధ్య తేడా ఎలా గుర్తుపట్టాలో, వాక్యంలో వీటిని ఎక్కడ ఉంచాలో దయచేసి వివరించగలరా?

సమాధానం (విజయనగరం నుండి, విశ్రాంత ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు)

బాబూ, మీ ఇబ్బందికి మూలం తెలుగు వాక్యం నడిచే తీరులోనే ఉంది. ఒక పని ఎంత ఖాయమో మనం సాధారణంగా క్రియ చివరనే చెప్పేస్తాము. ‘వస్తాడేమో’, ‘రావచ్చు’, ‘వచ్చి ఉంటాడు’, ‘వచ్చి తీరతాడు’ అన్న నాలుగు మాటల్లో ‘బహుశా’ గాని, ‘నిశ్చయంగా’ గాని ఎక్కడా లేవు. అయినా ఆ మనిషి కోసం అన్నం వార్చాలో వద్దో వినేవాళ్లకు తెలిసిపోతుంది. ఇంగ్లిషులో ఆ భారంలో ఎక్కువ భాగాన్ని వాక్యం మధ్యలో ఉండే ఒక చిన్న మాట మోస్తుంది. కాబట్టి ‘బహుశా’కు సమానమైన మాట కోసం వెతకకుండా, మీరు రాయదలచిన విషయాన్ని ముందు ఇంట్లో వాళ్లతో చెప్పినట్టు చెప్పుకొని, క్రియ చివర ఏం వచ్చిందో గమనించండి. ‘గురువారం పంపుతామేమో’ అని వస్తే మేబీ గాని పర్హాప్స్ గాని సరిపోతుంది. ‘బాయిలర్ అడ్డం రాకపోతే గురువారం పంపేస్తాంలెండి’ అని వస్తే అది ప్రాబబ్లీ. ‘గురువారం పంపి తీరతాం’ అని గుండె మీద చెయ్యి వేసుకొని అనగలిగినప్పుడే డెఫినిట్లీ.

షూర్లీ మీద మాత్రం ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. మన దేశంలో ‘ఐ విల్ షూర్లీ కమ్’ అని అందరమూ అంటాము, మనలో మనకు అది చక్కగా అర్థమవుతుంది. అయితే బ్రిటిష్ ఇంగ్లిషులో ఆ మాటను ఎక్కువగా తమ దగ్గర రుజువు లేకపోయినా అలాగే అయి ఉండాలని నమ్మి, ఎదుటివారి ఒప్పుదలను కోరేటప్పుడు వాడతారు. ‘షూర్లీ యూ హావ్ సీన్ ది ఇన్వాయిస్’ అంటే ‘మీరు ఇన్వాయిస్ చూసే ఉంటారు కదా’ అని. నా విద్యార్థులకు నేను షూర్లీ అంటే ‘కదా’ అనే చెప్పేదాన్ని. మాట ఇవ్వవలసిన చోట సర్టెన్లీ గాని డెఫినిట్లీ గాని రాయండి.

ఇప్పుడు మీ వాక్యాన్ని ఆయన కళ్లతో చదవండి. షూర్లీ నమ్మమంటోంది, దాని వెంటనే వచ్చిన మే అనుమానం పుట్టిస్తోంది. ఇక డెఫినిట్లీ అన్న గట్టి మాట ‘ట్రై’కి అతుక్కుంది, అంటే మీరు ఖాయం చేసింది ప్రయత్నాన్ని మాత్రమే, సరుకు సంగతి గాలిలోనే ఉండిపోయింది.

స్థానం విషయానికి వస్తే, మేబీ, పర్హాప్స్ సాధారణంగా వాక్యం మొదట వస్తాయి. ప్రాబబ్లీ, సర్టెన్లీ, డెఫినిట్లీ సహాయక క్రియ తరువాత వస్తాయి: ‘వుయ్ విల్ ప్రాబబ్లీ సెండ్’. సహాయక క్రియ లేకపోతే అసలు క్రియకు ముందు: ‘హీ ప్రాబబ్లీ నోస్’. ‘ఈజ్’, ‘ఆర్’ ఉంటే వాటి తరువాత: ‘ఇట్ ఈజ్ ప్రాబబ్లీ రెడీ’. వోంట్ వంటి వ్యతిరేక రూపం వస్తే మాత్రం దానికి ముందే ఉంచాలి: ‘వుయ్ ప్రాబబ్లీ వోంట్ సెండ్’. ‘బహుశా’ను మొదట పెట్టే అలవాటు వల్ల మన పిల్లలు ప్రాబబ్లీని కూడా వాక్యం మొదటికి తెస్తుంటారు. అది తప్పు కాదు గాని, మధ్యలో ఉంటేనే ఇంపుగా ఉంటుంది.

మన శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాషను ఆ భాష మాట్లాడేవారి నోటి నుండే నేర్చుకొని, ఆ తరువాత దానికి నిఘంటువు కూర్చారు. మీరు కూడా నిఘంటువును కాసేపు పక్కన పెట్టి, కొనుగోలుదారులు రాసిన పాత ఉత్తరాలు తీసి ఈ మాటలను వారెక్కడెక్కడ వాడారో గీతలు గీసి చూడండి.

సమాధానం (శ్రీకాకుళం నుండి, గణాంకశాస్త్ర అధ్యాపకుడు)

టీచరు గారు చెప్పినదానికి ఒక్క విషయం కలుపుతాను. ఈ మాటల బరువు విషయంలో ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారికే ఏకాభిప్రాయం లేదు. 1951లో అమెరికా గూఢచార విభాగం యుగోస్లావియాపై దాడి జరగడం ‘సీరియస్ పాసిబిలిటీ’ అని ఒక అంచనాలో రాసింది. ఆ అంచనా తయారీలో పాలుపంచుకున్న షెర్మన్ కెంట్ తన సహచరులను ఆ మాటకు అర్థమేమిటని విడివిడిగా అడిగితే, 20 శాతం అవకాశం అన్నవారి నుండి 80 శాతం అన్నవారి వరకు ఉన్నారు. అప్పటివరకు అందరూ ఒకే వాక్యాన్ని ఆమోదించామనే అనుకున్నారు. ఆ అనుభవంతోనే ఆయన 1964లో ప్రాబబుల్ అంటే సుమారు 75 శాతమని, ఆల్మోస్ట్ సర్టెన్ అంటే సుమారు 93 శాతమని కొలతలు ప్రతిపాదించారు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో పనిచేసే ఐపీసీసీ కూడా లైక్లీ అంటే 66 శాతానికి పైన, వెరీ లైక్లీ అంటే 90 శాతానికి పైన అని తన నివేదికల్లో ముందే నిర్వచించుకుంటుంది.

మీ వ్యాపారంలో డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుండి 320 గింజలని అమ్మేవారికీ కొనేవారికీ తెలుసు. ప్రాబబ్లీకి అలాంటి గ్రేడు లేదు గనుక, దాని పక్కన కారణాన్నో షరతునో రాయడం మేలు. ‘ఇఫ్ ది బాయిలర్ ఈజ్ రిపేర్డ్ బై ట్యూజ్‌డే, వుయ్ విల్ డెఫినిట్లీ షిప్ ఆన్ థర్స్‌డే’ అని రాసి ఉంటే ఆయన రెండోసారి అడగవలసిన అవసరం వచ్చేది కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న మరొకరికి ‘వుయ్ విల్ ప్రాబబ్లీ షిప్ ఆన్ ఫ్రైడే, ఐ విల్ కన్ఫర్మ్ బై వెన్స్‌డే ఈవెనింగ్’ అని రాశాను. ఇంకొక సందేహం మిగిలింది. నమూనా పంపారా అని ఎవరైనా అడిగితే నేను ‘ఆఫ్ కోర్స్’ అని జవాబిస్తుంటాను. అది సరైనదేనా?

సమాధానం (విజయనగరం నుండి, విశ్రాంత ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు)

ఆ కొత్త వాక్యంలో మార్చవలసినది ఏమీ లేదు, బాబూ. ‘ఆఫ్ కోర్స్’ మాత్రం అక్కడ వద్దు. ‘సాయం చేస్తారా’ అని అడిగినవారికి ఆ జవాబు ఆప్యాయంగా ఉంటుంది గాని, సమాచారం అడిగినవారికి ‘ఆ మాత్రం తెలియదా’ అన్నట్టు తగులుతుంది. ‘యెస్, వుయ్ సెంట్ ఇట్ ఆన్ మండే’ అని రోజుతో సహా రాయండి.