గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు చూపే రేడియో సిగ్నల్) లేని అప్రోచ్‌లో డిసెంట్ నిలకడగా రావట్లేదు

ప్రశ్న: ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకున్నా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత) ట్రైనింగ్‌లో ఉన్నాను. ఫైనల్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే పాయింట్) దాటగానే గబగబా కనీస ఎత్తుకి (రన్‌వే కనబడకుండా అంతకన్నా దిగకూడని ఎత్తు) దిగి, అక్కడ లెవెల్ చేసి రన్‌వే కోసం వెతుకుతున్నాను. ఆ లెవెల్ చేసే క్షణంలో పవర్, ట్రిమ్, స్పీడ్ అన్నీ ఒకేసారి మారిపోయి టెన్షన్ వచ్చేస్తోంది. మీరెలా దిగుతారు?

జవాబు 1: అలా దిగడం మానేయండి, మబ్బులో నేలకి అంత దగ్గరగా లెవెల్‌లో తిరగడమే అసలు ప్రమాదం. ఫిక్స్ నుంచి మూడు డిగ్రీల వాలులో ఒకే తీరుగా దిగండి. గ్రౌండ్‌స్పీడ్‌ని 5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో దాదాపు తెలుస్తుంది. 90 నాట్లకి 450. ఎదురుగాలి వల్ల గ్రౌండ్‌స్పీడ్ 70కి పడిపోతే 350 చాలు, పాత రేటే పట్టుకుంటే వాలు కిందికి జారిపోతారు.

జవాబు 2: గేర్, ఫ్లాప్‌లు ఫిక్స్‌కి ముందే సర్దేసుకోండి. నాటికల్ మైలుకి సుమారు 320 అడుగులు తగ్గాలి, ప్రతి మైలుకీ ఆల్టిమీటర్ చూసుకోండి. చార్ట్‌లోని స్టెప్‌డౌన్ ఎత్తుల (దారి మధ్యలో ఒక్కో చోటికి ఇచ్చిన కనీస ఎత్తుల) కిందికి మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న అడిగినవారు: కనీస ఎత్తులో లెవెల్ చేయకపోతే దాని కిందికి పోనా?

జవాబు 1: కొంచెం పైనుండగానే, రన్‌వే కనబడకపోతే గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకెక్కడం) మొదలుపెట్టాలి. మలుపు మాత్రం మిస్డ్ అప్రోచ్ పాయింట్ (రన్‌వే కనబడకపోతే అప్రోచ్ వదిలేయాలని చార్ట్‌లో చూపిన చోటు) చేరాకే.