కార్పొరేట్ లాయర్ చేతిలో దేశాల బేరం పెట్టొచ్చా?

పాతపేపర్:
సోల్ లినోవిట్జ్ సంగతి చదివాక వచ్చిన అనుమానం ఇది. జిరాక్స్ కంపెనీకి లాయర్‌గా పనిచేసి, దాని బోర్డు చైర్మన్ దాకా ఎదిగిన మనిషి. 1977లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఆయన్ని, అమెరికా చేతిలో ఉన్న పనామా కాలువని పనామాకి అప్పగించే చర్చలకు పంపాడు. అదీ ఆరు నెలలకే. తాత్కాలిక నియామకమైతే సెనేట్ ఆమోదం అక్కర్లేదు మరి! అప్పటికి ఆయన మెరైన్ మిడ్‌లాండ్ బ్యాంకులో డైరెక్టర్. ఆ బ్యాంకు పనామాకి అప్పులిచ్చింది. గోల అయ్యాక ఆ పదవి వదిలేశాడు. నన్నడిగితే పంపడమే తప్పు.

చిత్తుప్రతి:
కంపెనీ ఒప్పందాలు రాయడమే నా ఉద్యోగం, కాబట్టి నా మాట కాస్త తగ్గించి వినండి. పనామాకి కాలువ ఎప్పుడు చేతికొస్తుందో తేదీ కావాలి. అమెరికాకేమో ఆ తేదీ తర్వాత కూడా ఓడలు ఆగకూడదు. ఒకే కాగితంలో పెడితే ఈ రెండూ కొట్టుకుంటాయి. అందుకే రెండు ఒప్పందాలు చేశారు. ఒకటి 1999 డిసెంబర్ 31తో ముగిసిపోయేది, రెండోది కాలువ తటస్థత గురించి, అంటే అన్ని దేశాల ఓడలకూ అది తెరిచే ఉండాలని, దానికి గడువే లేదు. తెగని ముడిని ఇలా విడదీయడం మా పనిలో రోజూ ఉండేదే. అన్నట్టు, ఆయనతో కలిసి చర్చలు నడిపిన బంకర్ కూడా చక్కెర వ్యాపారం నుంచి వచ్చినవాడే.

రెండోమాట:
సంతకాలతో పని అయిపోయేదైతే ఒప్పుకునేదాన్ని. 1977 సెప్టెంబర్ 7న సంతకాలయ్యాయి. సెనేట్‌కి వెళ్లాక డికాన్సిని అనే సెనేటర్ ఒక షరతు తగిలించాడు: కాలువ మూతపడితే అమెరికా సైన్యాన్ని దించైనా తెరిపించవచ్చట. పనామాలో మండిపోయారు. చివరికి రెండు ఒప్పందాలూ విడివిడి ఓటింగుల్లో 68-32తో గట్టెక్కాయి, కావలసినవి 67 ఓట్లు. కార్టర్ ఒక్కడే క్లయింటు అనుకుంటే ఎలా? ఆ వందమంది సెనేటర్లూ క్లయింట్లే.

చిత్తుప్రతి:
ఆ మంట ఆరింది దేనితోనండీ? పనామా వ్యవహారాల్లో జోక్యం చేసుకునే హక్కుగా దాన్ని చదవకూడదని రెండోసారి ఓటింగప్పుడు ఇంకో మాట చేర్చారు. అది మా లాయర్లు చేసే డ్రాఫ్టింగ్, అంటే ఒప్పందం మాటలు కూర్చే పని కాదా?

పాతపేపర్:
మరి పాలస్తీనా స్వయంపాలన చర్చల మాటేమిటి? 1979 చివర్లో ఆ పనీ లినోవిట్జ్‌కే ఇచ్చారు. అంతకుముందు అది చూసిన రాబర్ట్ స్ట్రాస్ కూడా లాయరే. ఏమీ తేలలేదు. ఈజిప్ట్, ఇజ్రాయెల్, అమెరికా కూర్చున్నాయి. ఎవరి పాలన గురించి మాట్లాడుతున్నారో ఆ పాలస్తీనీయులు మాత్రం అక్కడ లేరు.

చిత్తుప్రతి:
రావాల్సినవాళ్లు రాకపోతే అక్కడ ఏ వృత్తివాడున్నా చేసేదేముంది? అది లాయర్ల ఖాతాలో వేయకండి. బ్యాంకు విషయంలో మాత్రం నేనూ మీవైపే. మా ఆఫీసులో కొత్త ఫైలు తెరవక ముందే, అవతలివాళ్లతో మనకి లావాదేవీలున్నాయా అని వెతుకుతాం. అక్కడ గోల అయ్యేదాకా ఆగారు.