పామును గుర్తుపట్టడం మనలాంటివాళ్లు నేర్చుకోవాలా, వద్దా?

బలగ కుర్రోడు (శ్రీకాకుళం):
మొన్న శనివారం రాత్రి పదిన్నరకి మా అమ్మ మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి "ఓలమ్మో" అని ఒక్క అరుపు అరిచింది. పరిగెత్తి చూస్తే ద్వారబంధం మీద, కింద గడప దగ్గర కాదు, సరిగ్గా నా తల ఎత్తులో, ఒక పాము అంటుకుని ఉంది. మూరెడు కూడా లేదు, చిటికెనవేలంత లావు, గోధుమరంగు ఒంటి మీద తెల్లటి పట్టీలు. పక్క వీధిలో ఉండే మా బావకి ఫోన్ చేస్తే కర్ర పట్టుకునే వచ్చాడు. "కట్లపాము, తప్పుకో" అన్నాడు. నేను ఈలోగా ఫొటో తీసి ఒక యాప్‌లో పెడితే అదీ కట్లపామనే చెప్పింది. కానీ నాకు అనుమానం. పట్టీలు మెడ దగ్గర కొట్టొచ్చినట్టు ఉండి, తోకవైపు పోయేకొద్దీ మాసిపోయాయి, కట్లపాముకి అలా ఉండదని ఎప్పుడో చదివాను. నేను నోరు తెరిచేలోపే బావ కొట్టేశాడు. నాలుగు రోజులుగా ఇద్దరికీ ఇదే గొడవ. "నువ్వు చదివింది తప్పయితే మీ అమ్మ ఏమయ్యేది, పాముకి పేరు పెట్టడం నీలాంటోడి పనేనా" అంటాడు. తెలిస్తే అనవసరంగా చంపక్కర్లేదు కదా అని నేను. మీరేమంటారు?

జీడిమామిడి (మందస వైపు):
తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి అది కట్లపాము కాదు. ఇంగ్లీషులో ఉల్ఫ్ స్నేక్ అంటారు, విషం లేదు. బల్లుల కోసం గోడలెక్కుతుంది, అందుకే రాత్రిళ్లు ట్యూబ్‌లైటు వెనకా కిటికీ చువ్వల మీదా కనిపిస్తుంది. కట్లపాము నల్లగా, లేదా నీలం కలిసిన నలుపులో నిగనిగలాడుతుంది. సన్నటి తెల్ల గీతలు చాలావాటికి జంటలు జంటలుగా ఉంటాయి, తల దగ్గర ఉండవు, కొంత ఒళ్లు దాటాక మొదలై తోకవైపు స్పష్టమవుతాయి. వెన్ను మీద మధ్య వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు పలకలుగా ఉంటాయి. ఇది మాత్రం దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలీదు, దగ్గరికి వెళ్లకూడదు, అదీ సంగతి.
యాప్‌ని నమ్మొద్దు గానీ కళ్లని నమ్ము. నేర్చుకోవాలనే నా మాట.

కోటబురుజు (విజయనగరం):
జీడిమామిడి గారూ, కరెంటు పోయి వచ్చే ఇంట్లో, వణుకుతున్న చేత్తో పట్టుకున్న సెల్‌ఫోన్ వెలుతురులో, గీత మెడ దగ్గర మొదలైందా జానెడు కిందనా అని చూసేది ఎవరండీ? 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని పరిశోధకులు లెక్కకట్టారు. ఎక్కువ కాట్లు పడే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కుర్రోడి బావ చేసిందే కరెక్ట్. పిల్లలున్న ఇల్లయితే నేనూ అదే చేస్తాను. ఆ మధ్య ఎవరో నాగులచవితికి పుట్టలో పాలు పోసి మర్నాడు కర్రలెత్తుతాం అని వెటకారంగా రాశారు, ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఆ మాట అనేవాళ్లు ఒకరుంటారు. చవితికి దండం పెట్టేది పుట్టకి, వంటింటికి కాదు.

పలాస ప్యాసింజర్:
చాలా రకాల పాముల్ని చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం అండీ, అదొక్కటి గుర్తు చేస్తున్నాను. కేసు పెట్టేదెవరు అంటారా, నాకూ తెలుసు.

గట్టుమీది రైతు (నరసన్నపేట దగ్గర):
పొలం మనిషికి ఈ ప్రశ్నే లేదు. తెలీకపోతే గట్టు మీద అడుగు పెట్టలేం. జెర్రిపోతు కనిపిస్తే మేం దారిస్తాం, ఎలుకల్ని అది తినకపోతే ధాన్యం మిగలదు. ఊళ్లో ఇప్పటికీ కొందరు జెర్రిపోతు మగదీ నాగుపాము ఆడదీ అనుకుంటారు, గట్టు మీద రెండు పెనవేసుకుంటే తువ్వాలు వేస్తే అదృష్టమని పరిగెడతారు. అవి రెండూ మగ జెర్రిపోతులే, బలం తేల్చుకుంటున్నాయి.
అయితే ఇంకోటి కూడా చెప్పాలి. మా ఊరాయన ఒకరు, పాముల గురించి అన్నీ తెలుసునని పేరు, కోతలప్పుడు కుప్ప కింద చుట్టచుట్టుకున్నదాన్ని చూసి "కొండచిలువ పిల్ల, ఏం చెయ్యదు" అని తోక పట్టి ఎత్తారు. రక్తపింజరి. దానికి వీపు మీద గొలుసులాగా మూడు వరసల్లో అంచు కట్టిన గుండ్రటి మచ్చలుంటాయి, కొండచిలువకి మచ్చలు ఒక తీరూ తెన్నూ లేకుండా ఉంటాయి. పైగా అది కుక్కర్‌లో ఆవిరి వదిలినట్టు బుస కొడుతూనే ఉంది, పక్కన మాకందరికీ వినిపిస్తోంది, ఆయనకి వినిపించలేదు, పేరు తెలిసిపోయింది కదా మరి. బతికారు గానీ ఆ చెయ్యి ఇప్పటికీ సరిగ్గా ముడవదు. ఏమీ తెలీనోడైతే దూరంగా ఉండేవాడు.

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్సు, విజయనగరం జిల్లా):
రైతు గారు చెప్పిన రెండో సంగతే నాదీ. పాము కాటు కేసు వచ్చిందంటే వెనకాలే గోనెసంచిలో పామునీ తెస్తారు. ఒకసారి సంచి విప్పితే అది ఇంకా కదులుతోంది. వార్డులో మంచాల మీదకెక్కాం అందరం. తల తెగిన పాము కూడా కాసేపటి వరకు కరవగలదండీ, దయచేసి తేవద్దు. దాన్ని వెతికి కొట్టబోయి రెండోవాడు కాటు తిన్న కేసులూ చూశాను.
డాక్టరు గారు చూసేది పామును కాదు, మనిషిని. రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతాం. వంచితే గడ్డకట్టకుండా జారిందా, పింజరి విషం అనుకోవాలి. రెప్పలు వాలిపోతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, నాగుపామో కట్లపామో. ఇచ్చే మందు ఒకటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి గుర్రాల రక్తం నుంచి తయారుచేసినది. పేరు చెప్పడానికి గంట ఆలస్యం చేస్తే ఆ గంట పోయినట్టే. కాలికి తాడు బిగించడం, బ్లేడుతో కొయ్యడం అసలు వద్దు. కరిచిన చెయ్యి, కాలు కదపకుండా 108లో వచ్చెయ్యండి.
అందుకే నేర్చుకోవద్దంటాను. సగం తెలిసినవాళ్లే ఆలస్యంగా వస్తారు, "విషం లేనిదేలే" అని ఇంట్లో కూర్చుని.

బలగ కుర్రోడు:
మేడమ్, కరిచాక పేరు అక్కర్లేదన్నది ఒప్పుకుంటాను. నా ప్రశ్న కరవకముందుది. పేరు అక్కర్లేకపోతే కర్ర మాత్రం ఎందుకు? అన్నిటినీ విషం ఉన్నట్టే చూడమంటే సరే, అన్నిటినీ కొట్టమని కాదు కదా.

నైట్ డ్యూటీ:
కొట్టమని నేనెక్కడ అన్నాను బాబూ. తలుపు వేసి, కింద సందులో బట్ట కుక్కి, పట్టేవాళ్లని పిలవండి. కొట్టబోతేనే కరుస్తుంది.

కోటబురుజు:
అర్ధరాత్రి పట్టేవాడు రావడానికి రెండు గంటలు. అప్పటిదాకా ఎవరు నిలబడతారు కాపలా?

జీడిమామిడి:
మేడమ్ చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోను. పేరు తెలిస్తే అలవాటు తెలుస్తుంది, నేర్చుకోమనేది అందుకు, చేత్తో పట్టడానికి కాదు. మా పెద్దమ్మ వానాకాలం నేల మీద చాప వేసుకుని పడుకునేది. తెల్లవారుజామున కడుపులో నొప్పి అంటే గ్యాస్ అనుకుని వాము నీళ్లు ఇచ్చారు. ఆరింటికి రెప్పలు ఎత్తలేకపోయింది. కట్లపాము రాత్రే తిరుగుతుంది, పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది, కాటు చీమ కుట్టినంత కూడా తెలీదు, గాటు వెతికినా దొరకదు. ఇవి ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉంటే వాము నీళ్ల దగ్గర రెండు గంటలు పోయేవి కాదు. ఆ తర్వాతే మా ఇళ్లల్లో అందరూ మంచమెక్కారు, దోమతెర అంచు పరుపు కిందకి దోపడం మొదలెట్టారు. నాగుపాముకి దోమతెర గురించి ఎవరూ ఆలోచించరు, కట్లపాము పేరు తెలిసినోడే ఆలోచిస్తాడు.

నైట్ డ్యూటీ:
ఇది నిజమే. పొద్దున్నే కడుపునొప్పి, కళ్లు మూతలు పడటం అని వస్తే మేం కూడా ముందు అడిగేది రాత్రి నేల మీద పడుకున్నారా అనే. సరే, ఆ మాత్రం నేర్చుకోండి. ఫొటో చూసి "ఏం కాదు" అని మాత్రం ఎవరికీ చెప్పకండి.

గట్టుమీది రైతు:
అంటే తప్పు చేస్తే ఒకవైపే చెయ్యాలి. విషం లేనిదాన్ని ఉందనుకున్నా నష్టం లేదు, దూరంగా ఉంటాం. ఉన్నదాన్ని లేదనుకోకూడదు.

కోటబురుజు:
అది నేను మొదట్నుంచీ అంటున్నదే.

గట్టుమీది రైతు:
కాదండీ, మీరు కర్రతో అంటున్నారు.

బలగ కుర్రోడు:
నిన్న ఇదంతా బావకి చదివి వినిపించాను. గోడెక్కేది కట్లపాము కాదన్నమాట అన్నాడు. కట్లపాము అసలు ఎక్కదని జీడిమామిడి అన్న కూడా అనలేదు అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇవాళ పొద్దున్నే సిమెంటు తెచ్చి వంటింటి తూము పక్కన కన్నం పూడ్చాడు, సింక్ పైపు చుట్టూ వల కట్టాడు, పట్టేవాళ్ల నంబరు ఫ్రిజ్ మీద అంటించాడు. అమ్మ మాత్రం ఇంకా వంటింట్లోకి వెళ్లే ముందు ద్వారబంధం పైకి చూసి వెళ్తోంది.
ఆ ఫొటో పంపమంటే పంపాను, తప్పు ఒప్పుకుంటాడేమో అనుకున్నాను. వాళ్ల ఆఫీసు గ్రూపులో "ఇంట్లో దూరిన కట్లపాముని ఒక్క దెబ్బకి" అని పెట్టాడట. నలభై దండాలొచ్చాయి.