లయన్స్ క్లబ్‌లో ప్రెసిడెంట్ పదవికి పోటీ వచ్చింది, ఓటింగ్ ఎలా జరపాలి?

గోదారిగట్టు:
మాది చిన్న పట్టణంలోని లయన్స్ క్లబ్, 46 మంది సభ్యులం. ఇన్నేళ్లూ పెద్దలు కూర్చుని పేర్లు ఖాయం చేయడం, సభలో చప్పట్లు కొట్టి ఏకగ్రీవం అనిపించడం అలవాటు. ఈసారి ప్రెసిడెంట్‌కి ఇద్దరు, ట్రెజరర్‌కి ఇద్దరు నిలబడుతున్నారు. చేతులెత్తితే సరిపోతుందని కొందరు, వాట్సాప్ పోల్ పెడదామని కొందరు అంటున్నారు. విదేశాల్లో పిల్లల దగ్గరున్నవాళ్లు తమ ఓటు ఫలానావారు వేస్తారని మెసేజ్‌లు పెడుతున్నారు. డ్యూస్ (సభ్యత్వ రుసుము) బాకీ ఉన్నవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఎన్నిక నడిపే పని నాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కలపుస్తకం:
ఓటర్ల జాబితాతో మొదలుపెట్టండి. క్లబ్బుల్లో గొడవ ఓట్ల లెక్కింపు దగ్గర బయటపడుతుంది గానీ, పుట్టేది మాత్రం జాబితా దగ్గరే.

బాకీ ఉన్నంత మాత్రాన ఓటు పోదండీ. సెక్రటరీ నుంచి రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి, మీ బైలాస్‌లో (క్లబ్ నియమావళిలో) రాసిన గడువు దాటాలి. అప్పుడే ఆ సభ్యుడికి గుడ్ స్టాండింగ్, అంటే ఓటుహక్కున్న సభ్యుడి హోదా, పోయినట్టు. నోటీసే ఇవ్వకుండా ఎన్నిక రోజున గుమ్మం దగ్గర ఆపితే ఆ ఎన్నిక నిలబడదు. కాబట్టి నోటీసులు ఇప్పుడే పంపించండి, చివరి తేదీ అందులోనే రాయండి. ఆ తేదీ లేకపోతే ముందురోజు రాత్రి ఒక అభ్యర్థి పదిమంది బకాయిలు తానే కట్టేసి పది ఓట్లు తెచ్చుకుంటాడు. మీ ట్రెజరరే పోటీలో ఉంటే బకాయిల పట్టిక ఆయన ఒక్కడి చేతిలో ఉంచకండి. రసీదు పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి, పోటీలో లేని ఇద్దరి చేత సరిచూపించండి.

ప్రాక్సీ ఓటు, అంటే ఒకరి బదులు మరొకరు వేసే ఓటు, లయన్స్‌లో చెల్లదు. మెసేజ్ పెట్టినవాళ్లకి మర్యాదగా ఆ మాటే చెప్పండి. కోరం, అంటే సభ చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు, గుడ్ స్టాండింగ్‌లో ఉన్నవాళ్లలో సగానికి పైన. అలాంటివాళ్లు 36 మంది ఉంటే 19 మంది రావాలి.

మామూలుగా మార్చిలో నామినేషన్ల సమావేశం, ఏప్రిల్‌లో ఎన్నిక, జూలై 1న కొత్త కమిటీ. రెండు సమావేశాలకూ కనీసం 14 రోజుల ముందు నోటీసు అందాలి.

పాతబ్యాలెట్:
పై మాటలన్నీ సరైనవే. నేను ఓటింగ్ గురించి చెబుతాను.

రహస్య బ్యాలెట్ తప్ప వేరే దారి చూడకండి. చేతులెత్తిస్తే ఎవరు ఎటో ఊరంతా తెలుస్తుంది, ఆ కినుక ఏడాది పొడుగునా కంటి శిబిరాల దగ్గరా రక్తదానాల దగ్గరా కనబడుతుంది. వాట్సాప్ పోల్‌లో అయితే కింద ఉన్న 'View votes' నొక్కితే చాలు, ఎవరు వేశారో జాబితా వచ్చేస్తుంది.

నలభై మంది ఉన్నచోట అందరి చేతిరాత అందరికీ తెలుసు. అందుకని పేరు రాయమనకూడదు. పేర్లు అచ్చేసి పక్కన గడి పెట్టండి. పెన్ను కూడా మీదే పెట్టండి. ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసే ఒక్క సభ్యుడుంటే చాలు, ఆయన ఓటు బయటపడిపోతుంది. ప్రెసిడెంట్‌కి తెల్లకాగితం, ట్రెజరర్‌కి లేత పసుపు. వెనక మీ పొడి సంతకం ఉండాలి గానీ వరుస నంబరు వేయకండి. కాగితం తీసుకున్నట్టు సంతకం మాత్రం ఓటర్ల జాబితాలో పెట్టించండి.

పెట్టె తెరిచాక ముందు ఎవరికెన్ని అని చూడకండి. కాగితాలు మడత విప్పకుండా లెక్కపెట్టండి. 31 ఇచ్చి ఉంటే పెట్టెలోవీ, పాడై తిరిగొచ్చినవీ కలిపి 31 కావాలి. ఒకటి ఎక్కువైనా అక్కడే ఆపి, ఆ పదవికి మళ్లీ ఓటింగ్ పెట్టాలి. పేర్లు చదివాక ఆపితే ఓడినవాళ్లు ఒప్పుకున్నా గెలిచినవాళ్లు ఒప్పుకోరు. రెండు గడుల మధ్య గీతమీద గుర్తు పడితే చెల్లుతుందా లేదా అన్నది కూడా పెట్టె తెరవకముందే అభ్యర్థుల తరఫున కూర్చునే ఇద్దరు ఏజెంట్ల ముందు చెప్పేయండి.

గోదారిగట్టు:
చాలా ఉపయోగపడిందండీ. ఓట్లు సమానమైతే?

లెక్కలపుస్తకం:
ముందు మీ బైలాస్‌లో ఏముందో చూడండి. అందులో ఏమీ లేకపోతే అదే సభలో మళ్లీ ఓటింగ్, అప్పటికీ సమానమైతే చీటీ తీయడం. ఈ పద్ధతిని ఓటింగ్‌కి ముందే తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించండి. చీటీ అన్నమాట ఫలితం తెలిశాక ఎత్తితే ఎవరూ వినరు.

ఇంకొకటి. మీ క్లబ్ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోపు కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి వెళ్లాలి. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం కమిటీ వివాదం మీద సభ్యులెవరైనా జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. అక్కడ అడిగేవి కాగితాలే: నోటీసు ప్రతి, అది అందినట్టు రుజువు, ఓటర్ల జాబితా, సంతకాల షీటు, ఏజెంట్లు సంతకం చేసిన లెక్క. బ్యాలెట్ పేపర్లను సీలు కవర్లో పెట్టి, కవరు అతుకు మీద ఇరుపక్షాల సంతకాలు తీసుకోండి. కనీసం కొత్త కమిటీ ప్రమాణం చేసి, బ్యాంకు ఖాతాలో సంతకాలు మారేదాకా దాన్ని చింపకండి.