లంపీ, మూడు రోజుల జ్వరం: మందలో ముందుగా పసిగట్టేదెలా?

పాడిరైతు, కర్నూలు జిల్లా:
వానలు పడ్డప్పటి నుంచి కొట్టంలో ఈగలు, దోమలు విపరీతం. పక్క ఊళ్లో ఆవులకు లంపీ (చర్మం మీద గడ్డలు లేపే వైరస్ జబ్బు) గడ్డలు లేచాయట. టీకా ఈమధ్యే వేయించాం, అయినా టెన్షన్‌గానే ఉంది. గడ్డలు తేలకముందే తెలుసుకోవాలంటే మీరేం చూస్తారు?

డెయిరీ, సిద్దిపేట:
అన్నా, ముందుగా ఒక థర్మామీటర్ కొనండి. లంపీలో గడ్డల కంటే ముందు జ్వరం వస్తుంది. ఆవుకు మామూలుగా 101.5 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. 103 దాటిందంటే నేను ఆ పూటే దాన్ని విడిగా కట్టేసి డాక్టర్‌కు ఫోన్ చేస్తా. కళ్ల వెంట నీళ్లు, ముక్కు కారడం, భుజం ముందు బిళ్లకట్టడం కూడా చూడండి. పాలు మాత్రం ఏ ఆవువి ఆ ఆవుకే రాయాలి. క్యాన్ మొత్తం లెక్క చూస్తే ఒక్కదానికి తగ్గిన సంగతి బయటపడదు.

ఆవుల పెంపకం, చిత్తూరు:
మూడు రోజుల జ్వరం గురించి కూడా చెప్పాలి, అది లంపీ కాదు, వేరే వైరస్ జబ్బు. పొద్దున బాగున్న ఆవు సాయంత్రానికి కుంటుతుంది, ఆ కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. వణుకుతుంది, పడుకుంటే లేవదు. చాలావరకు కొద్ది రోజుల్లోనే కోలుకుంటాయి. కానీ దయచేసి ఆ సమయంలో గొట్టంతో నోట్లో మందు పోయకండి. సరిగ్గా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

పశువైద్యుడు (రిటైర్డ్):
పై ఇద్దరూ చెప్పినవి నిజం. రక్తం శాంపిల్ జ్వరం ఉండగానే తీయాలి, గడ్డలు తేలాక పైనున్న పొక్కు కూడా పంపాలి. ఆలస్యం చేయకుండా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. మన దేశంలో లంపీ 2019లో ఒడిశాలో మొదట బయటపడింది, 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో లెక్కలేనన్ని పశువులను తీసుకుపోయింది. ఊరి చుట్టుపక్కల దాన్ని మోసేది ఈగలు, దోమలు, పిడుదులే. దూరాలకు చేరేది మాత్రం లారీల్లో తరలే పశువుల వల్లే. అందుకే సంత నుంచి తెచ్చినదాన్ని 28 రోజులు విడిగా కట్టాలి. టీకా వేసిన వెంటనే ధైర్యపడకండి, పూర్తి రక్షణకు మూడు వారాలు పడుతుంది.

ఇంకో మాట. ముందుకాళ్ల మీద తల పైకి పెట్టి వాలే ఈగలను గమనించండి, అవి కుట్టే ఈగలు. ఆవులు ఊరికే కాళ్లు నేలకేసి కొడుతున్నాయంటే వాటి బాధే. మూత్రంతో తడిసి కుళ్లిన గడ్డిలో గుడ్లు పెడతాయి. వేపాకు పొగ ఆ పూటకు పనిచేస్తుందేమో కానీ ఆ గడ్డి తీయకపోతే మళ్లీ పుడతాయి.

పాడిరైతు, కర్నూలు జిల్లా:
చాలా థ్యాంక్స్ సార్. మేత తొట్టి వెనక సరిగ్గా అలాంటి గడ్డే ఉంది, రేపే తీయిస్తాను. గేదెలకు కూడా జ్వరం చూడాలా? పాలు ఇంట్లో వాడొచ్చా?

పశువైద్యుడు (రిటైర్డ్):
గేదెలకు తక్కువే కానీ రాదని లేదు, చూడండి. లంపీ మనుషులకు అంటదు. పాలు బాగా మరిగించి వాడుకోండి.