విజయవాడలో బుడమేరు వెడల్పు చేయడానికి ఇళ్లు తొలగించాలా, వద్దా?

పాయకాపురం నివాసి: 2024 సెప్టెంబర్ 1న మా వీధి మునిగినప్పటి నుంచి ఒకటే మాట వింటున్నాను, ఏటిని ఆక్రమించారు కాబట్టే మునిగారని. మాది రిజిస్ట్రేషన్ అయిన స్థలం, ప్లాను ఉన్న ఇల్లు, ఏటా పన్ను కడుతున్నాం. అయినా ఇళ్లు తీసేయాలంటున్నారు. మీరేమంటారు?

విశ్రాంత ఇంజినీరు, కృష్ణలంక: తీయక తప్పదు. కొల్లేరు దాకా పోవాల్సిన ఏరు నగరంలోకి వచ్చేసరికి మురుగు కాలువంత అయింది.

పాయకాపురం నివాసి: ఏరు ఇరుకై మునగలేదండీ. కొండపల్లి వైపు, బుడమేరు నీటిని కృష్ణకు మళ్లించే కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. గట్టును గాలికొదిలేసిన వారిది తప్పా, మాదా?

విశ్రాంత ఇంజినీరు: ఆ కాలువ ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలవాలి. కృష్ణ అప్పటికే పొంగుతోంది, 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 2009 వరదలో కూడా అంత రాలేదు. నది నిండుగా ఉంటే కాలువ నీరు ఎక్కడికి దిగుతుంది?

గుంటూరు వాసి: బుడమేరు నీటిని నగరం వైపు వదిలే వెలగలేరు గేట్లు ముందు ఎత్తారా, గండ్లు ముందు పడ్డాయా?

పాయకాపురం నివాసి: నేనడిగేదీ అదే. గేట్లు ఎత్తే ముందు మా వీధిలో మైకు వినిపించలేదు. వాకిట్లో బండి సీటు దాకా నీళ్లొచ్చాకే మాకు తెలిసింది.

విశ్రాంత ఇంజినీరు: హెచ్చరిక సంగతి వేరు, ఏటి వెడల్పు సంగతి వేరు.

పాయకాపురం నివాసి: గోడ వెనక కూర్చుని ఎన్నయినా చెప్పవచ్చు. కృష్ణలంకకు వరద ఆపే రిటైనింగ్ వాల్, మాకు పొక్లెయినా?

విశ్రాంత ఇంజినీరు: 2009లో ఆ గోడ లేదు. మా ఇంట్లో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డవాణ్ణి. నాకు నేర్పకండి.

జక్కంపూడి కాలనీ: మాది కాలువ గట్టు మీద ఇల్లు. అక్కడ ఉంటే ప్రమాదమని తీసేసి ఇక్కడ ఇచ్చారు. వచ్చాం. బుడమేరు ఇక్కడికే వచ్చింది. బియ్యం డబ్బా తేలివచ్చి తలుపుకు అడ్డం పడితే మా ఆయన భుజంతో నెట్టి తెరిచారు. నీళ్లు తీశాక చూస్తే బురద గీత స్విచ్‌బోర్డు పైన ఉంది. కింది అంతస్తు ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్‌కూ కుట్టు మిషనుకే సరిపోలేదు. మీరిద్దరూ గండ్లు, క్యూసెక్కులు అంటున్నారు. తీసినవాళ్లను ఎక్కడ పెడతారో ఒక్కరూ రాయలేదు.

విశ్రాంత ఇంజినీరు: మెరక స్థలం ఇవ్వాల్సిందేనమ్మా, కాదనను. కానీ అందాకా పని ఆపితే మళ్లీ వాన వస్తుంది, మళ్లీ మీరే మునుగుతారు.

జక్కంపూడి కాలనీ: ఆపాలండీ. మాకూ మెరక అనే చెప్పారు. ముందు స్థలం చూపించాలి, ఆ వరదలో అక్కడ ఎంత నీరు నిలిచిందో కాగితం మీద రాసివ్వాలి. యంత్రం ఆ తర్వాత రావాలి.

పాయకాపురం నివాసి: నేను అసలు తీయవద్దనే అంటున్నాను.

జక్కంపూడి కాలనీ: మీకు మేడ ఉందా?

పాయకాపురం నివాసి: ఉంది. కింద అద్దెకిచ్చాం. ఆ రాత్రి వాళ్లను పైకి తెచ్చి మా గదిలోనే పడుకోబెట్టాం.

జక్కంపూడి కాలనీ: మంచి పని చేశారు. మళ్లీ వాళ్లనే కింద ఉంచి ఏరు ఇలాగే ఉండాలంటే ఒప్పుకోను. ఖాళీ చేయమని నాకు మొదట చెప్పినవారు కూడా మంచివారే.