సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఇత్తడి, స్టీలు టైల్సును ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ నివాసి):

మా ఫ్లాటు సముద్రానికి ఎదురుగా ఉంది. పూజగది గోడకు ఇత్తడి టైల్సు, వంటగదిలో పొయ్యి వెనుక గోడకు స్టీలు టైల్సు వేయించుకున్నాము. ఇత్తడి మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు పడి, వాటి అంచుల నుంచి సన్నటి గీతలు పాకుతున్నాయి. స్టీలు మీద టీ ఒలికి ఆరినట్టు గోధుమరంగు చారలు కనిపిస్తున్నాయి. వాన చుక్క తగలని లోపలి గోడలకు ఇలా ఎందుకు అవుతోంది? ఇత్తడిని చింతపండుతో తోమితే చాలని మా అత్తగారు అంటున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు (పెద వాల్తేరు, లోహపు పాలిష్ పని చేసేవారు):

అమ్మా, చింతపండు జోలికి వెళ్ళే ముందు ఆ టైల్సు మీద పూత ఉన్నదో లేదో తేల్చుకోండి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి బిందెకు ఏ పూతా ఉండదు గనుక చింతపండులోని పులుపు కిలుమును కరిగించి మెరుపు తెస్తుంది. గోడకు అతికించే అలంకార టైల్సుకు మాత్రం చాలావరకు పైన పారదర్శకమైన లాకర్ పూత వేస్తారు. ఆ పూత ఎక్కడైనా గీసుకుపోతే చెమ్మ అందులోంచి లోపలికి చేరి, మీరు చెప్పినట్టే గీతలుగా పాకుతుంది. దాని మీద చింతపండో, ఇటుక పొడో, పీచో వేసి తోమితే ఉన్న పూత కూడా ఊడి మచ్చలు పెరుగుతాయి.

కంటికి కనబడని ఒక మూల నిమ్మరసం చుక్క వేసి, ఒకటి రెండు నిమిషాల తరువాత తుడిచి చూడండి. అక్కడ రంగు తేటపడితే అది పూత లేని ఇత్తడి, మార్పు లేకపోతే పూత ఉన్నట్టు. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే లోపల ఇనుప రేకు, పైన ఇత్తడి మొలాము మాత్రమే అని అర్థం. అటువంటి దానికి పాలిష్ అసలు పట్టకూడదు.

జవాబు (లోహశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒకరు, ఎంవీపీ కాలనీ):

వాన తగలకపోవడమే మీ ఇబ్బందికి మూలం. బయటి గోడ మీద చేరిన ఉప్పును వాన కడిగేస్తుంది. కిటికీలోంచి లోపలికి వచ్చిన ఉప్పు మాత్రం వాలిన చోటే ఉండిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు, గాలిలో తేమ సుమారు 33 శాతం ఉన్నా నీటిని లాక్కుని ద్రవంగా మారుతుంది. విశాఖ గాలిలో తేమ అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి మీ గోడ మీద కంటికి కనబడని ఉప్పునీటి పొర దాదాపు ఎప్పుడూ ఉంటుంది. స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడు పొర మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. క్లోరైడు దానిని చుక్కలు చుక్కలుగా ఛేదిస్తుంది. వంటింటి సామానుకు వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. తీరప్రాంతానికి తగిన 316 రకంలో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. కొత్తగా వేయించుకునేవారు ఈ రకం సంఖ్య అడిగి మరీ కొనడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడున్న చారలకు వంట సోడాను నీటితో ముద్దగా కలిపి, మెత్తటి గుడ్డతో, స్టీలు మీది సన్నగీతల వెంబడి రుద్ది, మంచినీటితో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఇనుప పీచు వాడితే దాని రేణువులు స్టీలులో ఇరుక్కుని అవే తుప్పు పడతాయి. బాత్రూము యాసిడ్, బ్లీచింగ్ కలిపిన నీళ్ళు రెండింటిలోనూ ఉండేవి క్లోరిన్ సమ్మేళనాలే గనుక వాటిని ఆ గోడ దగ్గరకు రానివ్వవద్దు. బోరు నీటితో తుడిస్తే తెల్లటి మరకలు మిగులుతాయి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిమ్మరసానికి రంగు మారలేదు, అయస్కాంతం అంటుకోలేదు. మరి ఇప్పటికే నల్లబడిన టైల్సు సంగతి ఏమిటి?

జవాబు (పెద వాల్తేరు):

అయితే అది పూత ఉన్న అసలు ఇత్తడే అనుకోవచ్చు. బాగున్న టైల్సును గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెల సబ్బు కలిపి, గుడ్డను బాగా పిండి, వారానికొకసారి తుడిచి ఆరబెట్టండి. హారతి మసి, కుంకుమ చేరిన చోట ఇంకొంచెం తరచుగా తుడవండి. నల్లబడిన వాటికి పాత పూతను థిన్నరుతో పూర్తిగా తీసి, పాలిష్ పట్టి, కొత్త పూత వేయక తప్పదు. అది చేయి తిరిగినవారి పని. ఆ రోజు పూజగదిలో దీపం, అగరబత్తి వెలిగించకండి, కిటికీలన్నీ తెరిచి ఉంచండి. థిన్నరు ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. కొత్త పూత వేసే ముందు ఇత్తడిని వట్టి చేత్తో తాకనివ్వకండి, వేలిముద్రలు పూత కింద అలాగే నల్లబడతాయి.